ఒరిగిన గోడ, దిగివచ్చే తలుపు

అస్ర్ నమాజుకు మస్జిద్‌కు బయలుదేరే వేళ. మా అల్లుడు కారును గ్యారేజీలోనుంచి వెనక్కు తీసి ఇంటి వెనుక సందులో నిలిపాడు. అయిదేళ్ళ మనవడు అంతదాకా గ్యారేజీ గడప మీదే మూడుచక్రాల సైకిలు తొక్కుతూ ఉన్నాడు. తండ్రి పిలవగానే సైకిలును ఉన్నచోటనే వదిలి, టోపీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి మా పక్కన కూర్చున్నాడు. అల్లుడు సందులో ఏవైనా వాహనాలు వస్తున్నాయేమోనని వెనక్కు చూస్తూ, అలవాటు చొప్పున రిమోట్ నొక్కాడు. వెడల్పాటి తలుపు పట్టాల వెంట జారుతూ కిందికి దిగింది. సైకిలు మీద ఆనింది. అయినా ఆగలేదు. మోటారు మూలుగుతూ దానిని ఇంకా కిందికే నెట్టింది. ప్లాస్టిక్ పగిలిన చప్పుడు విని మేము కేక వేశాము. అల్లుడు మళ్ళీ మీట నొక్కి తలుపును పైకి లేపేసరికి సైకిలు హ్యాండిల్ విరిగి, ముందు చక్రం చితికిపోయి ఉంది.

బిడ్డ మా పక్కనే ఉన్నాడు, అల్హందులిల్లాహ్. నిమిషం ముందు ఆ సైకిలు మీద ఉన్నాడు.

ఇది గత వేసవిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగర శివారులో జరిగిన సంగతి. మేము, మా శ్రీమతి మా అమ్మాయి ఇంట రెండు నెలలు గడపడానికి వెళ్ళి ఉన్నాము. ఆ ప్రాంతంలో మన తెలుగువారి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఈ పత్రిక చదివే ఇళ్ళలోనూ ఎందరి పిల్లలో అక్కడ స్థిరపడి ఉంటారు. అక్కడి పాత కాలనీలలో అనేక ఇళ్ళకు గ్యారేజీ వెనుక సందులోకి తెరుచుకుంటుంది. వీధి వాకిలి అతిథులకే. ఇంటివారి రాకపోకలన్నీ గ్యారేజీ గుండానే. సరుకులు తెచ్చినా, పిల్లలు బడికి వెళ్ళినా, తరావీహ్ ముగించుకొని అర్ధరాత్రి వచ్చినా దాటేది ఆ తలుపునే. పేరుకు అది కారు తలుపు, నిజానికి ఇంటి సింహద్వారం.

ఆ సాయంత్రం అల్లుడు తలుపును పూర్తిగా దించి, మోటారు ప్లగ్గు తీసేశాడు. రాకపోకలు వీధి వాకిలి నుంచే జరగాలని ఇంట్లో అందరికీ చెప్పాడు. మరమ్మతు జరిగేదాకా అంతకన్న మంచిపని లేదని తరువాత మాకూ తెలిసింది.

ఇషా తరువాత భోజనాల దగ్గర ఆ మాటే వచ్చింది. "మామయ్యా, ఇల్లు అద్దెది. తలుపూ, మోటారూ యజమానివి. ఇందులో మన తప్పేముంది?" అని అల్లుడు అడిగాడు. మేము చదివింది అరబీ వ్యాకరణం, హదీసు, ఫిఖ్హ్. యంత్రాల విద్య మాకు లేదు. అయితే అతడు అడిగింది యంత్రం గురించి కాదు, బాధ్యత గురించి. దానికి జవాబు మేము ఏటా విద్యార్థులకు చెప్పే పాఠంలోనే ఉంది.

హిజ్రీ 593లో పరమపదించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహి) రచన 'హిదాయా' మన మదర్సాలలో నేటికీ పాఠ్యగ్రంథం. అందులో రక్తపరిహారాల ప్రకరణంలో ఒరిగిన గోడ గురించి ప్రత్యేకంగా చర్చ ఉంది. ఒకరి గోడ బాట వైపు ఒరిగింది. దానిని పడగొట్టమని యజమానిని అడిగి, అడిగినట్లు సాక్షులను ఉంచారు. పడగొట్టడానికి సరిపడా వ్యవధి ఉన్నా అతడు ఆ పని చేయలేదు. గోడ కూలి ప్రాణమో సొత్తో పోయింది. పైపై తర్కంతో చూస్తే యజమాని మీద బాధ్యత పడకూడదు. అతడు గోడను తోయలేదు, ఒరగమని దానికి చెప్పలేదు. అయినా ఫుఖహా అక్కడ ఖియాస్‌ను వదిలి ఇస్తిహ్సాన్‌ను పట్టుకున్నారు. బాట అందరిది. దాని మీదికి ఒరిగిన గోడ అతని చేతిలో ఉంది. తొలగించమని కోరినా తొలగించనప్పుడు అతడు హద్దు మీరినవాడే, నష్టానికి బాధ్యుడే.

ఆ చర్చలో ఇంకా సూక్ష్మమైన విషయాలున్నాయి. మొదటినుంచే గోడను వంకరగా కట్టినవానికి ముందస్తు హెచ్చరిక కూడా అక్కరలేదు. హెచ్చరిక చేయవలసింది గోడను సరిచేసే అధికారం ఉన్నవానికి. అద్దెకున్నవానికి చేసిన హెచ్చరిక చెల్లదు, ఎందుకంటే గోడను పడగొట్టే హక్కు అతనికి లేదు. ఇక హెచ్చరించేవాడు ముస్లిం అయినా, ముస్లిమేతరుడైనా ఒక్కటే. బాట మీద నడవడంలో మానవులందరూ భాగస్వాములు కదా.

"అయితే మనం యజమానికి తెలియజేయాలి" అన్నాడు అల్లుడు. "తెలియజేయాలి. తెలిసిన తరువాత మనమే ఆ మీట నొక్కితే మాత్రం అద్దె ఇల్లన్న మాట మనల్ని కాపాడదు" అన్నాము. మేము ఫత్వా ఇవ్వలేదు; గోడకు చెప్పిన తీర్పును యంత్రానికి అన్వయించడం ముఫ్తీల పని. ఆ రాత్రే అల్లుడు విరిగిన సైకిలు ఫొటోలతో యజమానికి ఉత్తరం పంపాడు.

ఆ పాఠం చెబుతూ చెబుతూ చివరి వాక్యం దగ్గర మా గొంతు తడబడింది. మా అమ్మాయి గమనించి "ఏమైంది అబ్బా?" అని అడిగింది. మా మదర్సా గేటు గుర్తుకొచ్చింది. పట్టా మీద పక్కకు దొర్లే బరువైన ఇనుప గేటు అది. పట్టా చివర గేటును ఆపే అడ్డు ఊడిపోయింది. ఆ సంగతి మాకు మొదట చెప్పినవాడు గేటు పక్కన తోపుడుబండి మీద జామకాయలు అమ్మే వృద్ధుడు. "సాయిబుగారూ, పిల్లలు గట్టిగా తోస్తే గేటు పట్టా దాటి మీద పడుద్ది" అన్నాడు. అది షాబాన్ నెల. రమజాన్ తరువాత చూద్దామన్నాము. షవ్వాల్ వచ్చాక ప్రయాణపు ఏర్పాట్లలో మునిగిపోయాము. ఇరవై ఏళ్ళకు పైగా ఒరిగిన గోడ పాఠం చెబుతున్న మాకు, ఆ వృద్ధుని మాట హిదాయాలో చెప్పిన హెచ్చరికేనన్న స్ఫురణ ఏడు సముద్రాల అవతల కలిగింది. అప్పటికి మన దేశంలో తెల్లవారింది. మదర్సాకు ఫోన్ చేసి, గేటును గొలుసుతో కట్టేసి చిన్న తలుపు గుండా మాత్రమే పిల్లలను పంపమని మా సహోపాధ్యాయునికి చెప్పాము.

మూడవ రోజు యజమాని పంపిన మరమ్మతుదారు వచ్చాడు. మెక్సికో నుంచి తండ్రి కాలంలోనే వచ్చి స్థిరపడిన నడివయసు మనిషి. తొందర లేకుండా పనిచేసేవాడు. మేము కుర్చీ వేసుకొని చూస్తూ కూర్చున్నాము. మా కుతూహలం చూసి అతడు చేస్తున్న ప్రతి పనీ వివరించాడు. అల్లుడు మాకు తెలుగులో చెప్పాడు.

ఆ తలుపు పదహారు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు. నాలుగు అడ్డపలకలను బందులతో కలిపి చేసినది. రెండు కార్లు పట్టే గ్యారేజీల తలుపులు నూరు కిలోలకు అటూఇటూగా తూగుతాయి. ఇంత బరువును పైకెత్తేది మోటారని మేము అనుకున్నాము. మోటారు దారి చూపుతుందంతే. బరువు మోసేవి తలుపుకు పైన, అడ్డంగా ఉన్న ఇనుపకడ్డీకి చుట్టిన స్ప్రింగులు. ఆ కడ్డీ రెండు కొసలలో గిలకలు, వాటినుంచి తలుపు కింది మూలలకు ఉక్కు తాళ్ళు. తలుపు దిగేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది. లేచేటప్పుడు ఆ బిగువునంతా తలుపుకు తిరిగి ఇస్తుంది. స్ప్రింగులు సరిగ్గా ఉంటే అంత పెద్ద తలుపును ఒంటిచేత్తో ఎత్తవచ్చు.

అతడు మూసి ఉన్న తలుపుకు పైనుంచి వేలాడుతున్న ఎర్రతాడును లాగాడు. దానితో మోటారుకూ తలుపుకూ లంకె తెగిపోతుంది. తలుపును చేతులతో నడుము ఎత్తుదాకా లేపి పట్టు సడలించాడు. మంచి తలుపైతే త్రాసుముల్లులా అక్కడే నిలవాలి. ఇది కిందికి కుంగిపోయింది. స్ప్రింగులు అలసిపోయాయన్నాడు. సాధారణంగా ఈ స్ప్రింగులను పదివేల సార్లు తెరిచి మూయడానికి సరిపడేలా తయారుచేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది ఏడేళ్ళలోపే పూర్తవుతుంది.

తరువాత అతడు గడపకు రెండు పక్కలా వంగి చూసి, ఏదో వెదికి, తల పైకెత్తాడు. నేలకు ఆరు అంగుళాలు మించని ఎత్తులో, ద్వారానికి చెరొక వైపున రెండు చిన్న కళ్ళు ఉండాలి. ఒకటి కంటికి కనిపించని కాంతిరేఖను పంపుతుంది, రెండవది అందుకుంటుంది. తలుపు దిగుతుండగా బిడ్డో, పిల్లో ఆ రేఖకు అడ్డొస్తే తలుపు వెంటనే వెనక్కు మళ్ళాలి. మా అమ్మాయి ఇంట్లో ఆ రెండు కళ్ళనూ పీకి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఆనించి, టేపు చుట్టి, పైకప్పు దూలానికి అతికించి ఉంచారు! అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ, దారిలో ఎవరూ లేరని మోటారుకు రాత్రింబవళ్ళు సాక్ష్యం చెబుతూ ఉన్నాయి. అబద్ధపు సాక్ష్యం.

ఎవరు చేశారో తెలియదు. ముందు అద్దెకున్నవారిలో ఎవరో కావచ్చు. ఎందుకు చేశారో అతడు ఊహించి చెప్పాడు. సాలెగూడు పట్టినా, ఎండ సూటిగా పడినా, చీపురు తగిలి కన్ను కాస్త పక్కకు తిరిగినా తలుపు మూసుకోనని మొరాయిస్తుంది. మెత్తని గుడ్డతో తుడిచి, కన్నును సరిగ్గా ఎదురుగా తిప్పితే సరిపోయే పని. అంత ఓపిక లేనివాడు దానిని పైకెక్కించాడు.

అంతటితో అయిపోలేదు. రేఖ తెగకపోయినా, తలుపు దేనినైనా తాకితే వెనక్కు మళ్ళాలి. ఇది రెండవ రక్ష. మరి సైకిలు మీద ఎందుకు ఆగలేదు? ఒక వైపు పట్టా వంగి, చిన్న చక్రమొకటి బిగుసుకుపోయింది. దానివల్ల తలుపు దిగుతూ దిగుతూ మధ్యలో ఆగి వెనక్కు మళ్ళుతూ ఉండేది. పట్టా సరిచేయడానికి బదులు ఎవరో మోటారు మీది మరను తిప్పి, దాని నెట్టుడుబలాన్ని పెంచేశారు. అడ్డం వస్తే ఆగవలసిన తలుపుకు, అడ్డాన్ని అణచివేసే బలం ఇచ్చారు. ప్రతి లోపమూ మొదట ఒక చిన్న హెచ్చరికగానే వచ్చింది. హెచ్చరిక వినబడకుండా చేయడమే మరమ్మతు అనుకున్నారు. మేము ఆ టేపు చుట్టిన కళ్ళను చాలాసేపు చేతిలో పట్టుకొని చూశాము.

హిదాయాలో మొదటినుంచే వంకరగా కట్టిన గోడ అన్న మాటకు ఉదాహరణ కావాలంటే ఇకమీద మేము ఈ కళ్ళ గురించే చెబుతాము.

ఆ కళ్ళు అక్కడికి ఊరకనే రాలేదు. పైకి లేచే గ్యారేజీ తలుపును 1921లో సి.జి. జాన్సన్ రూపొందించాడు, 1926లో దానికి విద్యుత్ మోటారు అమర్చాడు. ఇళ్ళలో వాటి వాడకం పెరిగినకొద్దీ పిల్లలు ఆ తలుపుల కింద చిక్కుకోవడమూ మొదలైంది. 1982 మార్చి నుంచి తమకు అందిన సమాచారం మేరకు రెండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వయసు పిల్లలు సుమారు 60 మంది అలా మరణించారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం ప్రకటించింది. 1990లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి గృహ గ్యారేజీ మోటారుకూ ఇలాంటి రక్షణ ఉండితీరాలని నిర్ణయించారు. ఆ రెండు కళ్ళ వెనుక ఎందరి తల్లుల కన్నీళ్ళు ఉన్నాయో టేపు చుట్టినవాడు ఎరుగడు. అంతకన్న పాత మోటారు ఉన్న ఇల్లు ఎవరికైనా అద్దెకు దొరికితే, దాన్ని బాగుచేసే ప్రయత్నం చేయకుండా మార్పించమని కోరడమే మంచిది.

మా అల్లుడు వీడియోలు చూసి స్ప్రింగు తానే మార్చగలనేమోనని ఆ రెండు రోజులూ ఆలోచించాడు. కూలి మిగులుతుందని. మరమ్మతుదారు ఆ మాట విని నవ్వలేదు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి కింద పొడవాటి గాయపు మచ్చ చూపించాడు. పనికొత్తలో సరైన కడ్డీలకు బదులు స్క్రూడ్రైవరు పెట్టి స్ప్రింగు వదులుచేయబోతే అది జారి గిర్రున తిరిగి కొట్టిందట. తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగులో బిగువు అత్యధికంగా ఉంటుంది. ఉక్కు తాళ్ళు పట్టుకొని ఉండే కింది మూలల బిగింపులలోనూ అదే బిగువు. ఈ రెండింటినీ ఇంటివారు ముట్టుకోకూడదు. ఒక్కోసారి స్ప్రింగు దానంతట అదే తెగుతుంది, తుపాకీ పేలినట్లు చప్పుడవుతుంది. అప్పుడు మీట నొక్కకూడదు. తలుపు తెరిచి ఉండగా తెగితే ఎర్రతాడు అసలే లాగకూడదు. బరువంతా ఒక్కసారిగా కూలుతుంది. పిల్లలను దూరంగా ఉంచి పనివానిని పిలవాలి. రెండు స్ప్రింగులున్న తలుపుకు ఒకటి పోతే రెండూ మార్చాలన్నాడు. కలిసి పనిచేసినవి కలిసే అలసిపోతాయి.

ఇంటివారు చేయదగినవీ ఉన్నాయి. నెలకొకసారి, కన్నుల ముందు నుంచి చీపురు కర్రను అడ్డంగా పోనిచ్చి, దిగే తలుపు వెనక్కు మళ్ళుతోందో లేదో చూడాలి. గడప మధ్యలో ఒకటిన్నర అంగుళం మందమున్న చెక్కను బల్లపరుపుగా పెట్టి తలుపు దించాలి. తాకిన రెండు సెకన్లలోపు అది పైకి లేవాలి. లేవకపోతే ప్లగ్గు తీసేయడమే. పట్టాలను పొడిగుడ్డతో తుడవాలి, నూనె పూయకూడదు. చక్రాల ఇరుసులకూ, బందులకూ ఈ తలుపుల కోసమే అమ్మే కందెన వేయాలి. గోడమీది మీటను పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి. ఆ మీటను అదిమి పట్టుకుంటే కన్నులు అడ్డు చెప్పినా తలుపు దిగుతుందని గుర్తుంచుకోవాలి. రిమోట్ పిల్లల చేతికి ఆటబొమ్మ కాకూడదు.

ఎర్రతాడు సంగతి ఇంట్లో ప్రతి పెద్దవారికీ, ముఖ్యంగా మన దగ్గరినుంచి వెళ్ళే వృద్ధ తల్లిదండ్రులకు చూపించాలి. 2017లో కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు కరెంటు పోయి, గ్యారేజీ తలుపులు తెరవలేక వృద్ధులు లోపల చిక్కుపడ్డారు. ఆ తరువాత ఆ రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి అమ్మే మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. ఇంకొక మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుతుఫానుకు విద్యుత్తు నిలిచిపోతే, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఇంజను నడిపి విషవాయువుకు బలైనవారున్నారు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. తలుపు తెరిచి ఉంచినా సరే, గ్యారేజీలో కారును ఊరికే నడుపుతూ ఉంచకూడదు.

రాత్రివేళ తలుపులు మూయమని, మూసేటప్పుడు అల్లాహ్ నామం స్మరించమని, దీపాలు ఆర్పమని, పొద్దు గూకేవేళ పిల్లలను లోపలికి తీసుకొమ్మని మహనీయ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించిన సంగతి మనకు తెలిసిందే. మా అమ్మాయి ఇంట్లో ఆ సున్నత్ వంటింటి తలుపుకూ, వీధి తలుపుకూ అమలవుతుండేది. గ్యారేజీ తలుపు మాత్రం రిమోట్‌కు అప్పగించబడింది. ఇప్పుడు మనవడే బిస్మిల్లాహ్ అని చెప్పి, అది పూర్తిగా నేలకు ఆనేదాకా నిలబడి చూసి వస్తున్నాడు.

మరమ్మతుకు మూడు గంటలు పట్టింది. కొత్త స్ప్రింగులు వేసి, పట్టా సరిచేసి, నెట్టుడుబలం తగ్గించి, కళ్ళను వాటి చోట బిగించాడు. చివర చెక్క పెట్టి తలుపు దించాడు. అది చెక్కను తాకి, తప్పు చేసినదానిలా గబుక్కున పైకి లేచింది. మనవడు చప్పట్లు కొట్టాడు.

మేము స్వదేశానికి వచ్చిన మరునాడే వెల్డింగు పనివానిని పిలిపించి మదర్సా గేటుకు అడ్డు పెట్టించాము. అపార్టుమెంట్లలోనూ, బడులలోనూ ఇలాంటి దొర్లే గేట్లకు ఇప్పుడు మోటార్లు కూడా పెడుతున్నారు. పట్టా చివరి అడ్డు, పైన గేటును నిలబెట్టే రోలర్లు గట్టిగా లేకపోతే మోటారు ఆ గేటును పట్టా దాటించగలదు. పని పూర్తయ్యాక జామకాయల వృద్ధుని పిలిచి, ఆలస్యానికి క్షమించమని అడిగి, తోసి చూడమన్నాము. ఆయన చేతులు తుడుచుకొని వచ్చి, బలమంతా పెట్టి గేటును చివరిదాకా తోశాడు. అడ్డుకు తగిలి ఖంగున నిలిచింది. ఆయన తల పైకెత్తి చూశాడు. "పై రోలరు ఒకటి అరిగింది సాయిబుగారూ" అన్నాడు.

వెల్డింగు మనిషి ఇంకా వీధి మలుపు తిరగలేదు. మగ్రిబ్‌కు ఇంకా సమయం ఉంది. వెనక్కు పిలిచాము.